దిగాక సంగతేంటి? ఈటాప్స్ రూల్స్ రాసేవాళ్లకు ఒక బహిరంగ లేఖ

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావోకు, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏకు, మిగతా దేశాల నియంత్రణ సంస్థల్లో ఈ ఫైళ్లు చూసే అందరికీ,

నమస్కారం. రెండు ఇంజన్ల విమానం దగ్గర్లో దిగే చోటు లేని సముద్రాల మీద, మంచు ఎడారుల మీద ఎంత దూరం వెళ్లొచ్చో మీ రూల్స్ చెబుతాయి. మేం దాన్ని ఈటాప్స్ అంటాం, ఐకావో 2012 నుంచి ఈడీటీఓ అంటోంది, పేరు ఏదైతేనేం, పని అదే. నేను విమానాల డిస్పాచ్‌లో పనిచేసిన మనిషిని. ఫ్లైట్ ప్లాన్ వేయడం, ఎంత ఇంధనం పోయాలో, దారిలో ఏదైనా అయితే ఎక్కడ దిగాలో ముందే లెక్కగట్టడం, ఆ లెక్క కింద కెప్టెన్‌తో పాటు సంతకం పెట్టడం మా పని.

ఈ లేఖ ఇంజన్ల మీద ఫిర్యాదు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నా. ఎందుకంటే ఈటాప్స్ అనగానే ఎవరో ఒకరు "రెండే ఇంజన్లతో అంత దూరమా, ఒకటి ఆగిపోతే?" అని మొదలుపెడతారు, మీరు వెంటనే ఇంజన్ల రికార్డు తీసి ముందు పెడతారు, అక్కడితో చర్చ అయిపోతుంది. రికార్డు బాగానే ఉంది మరి. కానీ నేను అడగాలనుకున్నది ఎప్పుడూ ఆ చర్చ అయిపోయిన చోటే మిగిలిపోతోంది. డైవర్ట్ అయిన, అంటే దారి మధ్యలో ఏదో అయి వేరే ఎయిర్‌పోర్టుకు మళ్లిన విమానం చక్రాలు రన్‌వేకి తాకిన క్షణంలో మీ లెక్క ఆగిపోతుంది. లోపలున్న మూడు వందల మంది కథ మాత్రం అక్కడ ఆగదు కదా.

ముందు మీకు దక్కాల్సిన మెప్పు మీకు ఇచ్చేస్తాను, లేకపోతే ఇది ఊరికే తిట్టిపోసినట్టు ఉంటుంది.

1953లో అమెరికా 60 నిమిషాల రూల్ పెట్టినప్పుడు రాజ్యం పిస్టన్ ఇంజన్లది, అవి దారిలో మొరాయించడం రోజూ జరిగే పనే. అందుకని ఒక ఇంజన్ ఆగినా గంటలోపు దిగగలిగే దారిలోనే వెళ్లమన్నారు. 1964లో మూడు ఇంజన్ల జెట్లకు ఆ కట్టు విప్పేశారు, రెండు ఇంజన్లవి మాత్రం అలాగే ఉండిపోయాయి. 1980ల మొదట్లో ఎఫ్ఏఏ అధిపతిగా ఉన్న లిన్ హెల్మ్స్, రెండు ఇంజన్లతో మహాసముద్రాలు దాటడానికి నేనుండగా ఒప్పుకునేదే లేదని బోయింగ్ వాళ్లకు తెగేసి చెప్పాడని విమానరంగంలో ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్పుకుంటారు. మరి కొన్నేళ్లకే, 1985 ఫిబ్రవరిలో, అమెరికా ఎయిర్‌లైన్ టీడబ్ల్యూఏ వాళ్ల బోయింగ్ 767 విమానం 120 నిమిషాల అనుమతితో బోస్టన్ నుంచి పారిస్ వెళ్లింది. 1988కి 180 నిమిషాలు వచ్చాయి. 1995లో 777 అయితే సర్వీసులో చేరిన రోజు నుంచే 180తో వచ్చింది. 2014లో యూరప్ నియంత్రణ సంస్థ ఎయిర్‌బస్ ఏ350కి 370 నిమిషాల దాకా సర్టిఫికెట్ ఇచ్చింది. అంటే ఆరు గంటల పది నిమిషాలు. ఒక్క ఇంజన్ మీద.

వినడానికి గుండె గుభేల్‌మంటుంది గానీ, దీని వెనకున్న లెక్క చూస్తే ఆ భయం పోతుంది. 120 నిమిషాల అనుమతి కావాలంటే ప్రపంచం మొత్తం మీద ఆ రకం ఇంజన్ గాల్లో ఆగిపోయే రేటు వెయ్యి ఇంజన్ గంటలకు 0.05 దాటకూడదు, 180కి 0.02, అంతకు మించి కావాలంటే 0.01. ఆ చివరి అంకెను మామూలు మాటల్లో చెప్పాలంటే, ఏడాదికి 5,000 గంటలు తిరిగే ఇంజన్ ఇరవై ఏళ్లు తిరిగితే అందులో ఒక్కసారి ఆగొచ్చు. రేటు దిగజారినా, ఇంజన్‌లో లోపం తేలినా అనుమతీ తగ్గుతుంది, ఇది ఉత్త బెదిరింపు కాదు, చేసి చూపించారు. రోల్స్ రాయిస్ ట్రెంట్ 1000 సంగతే చూడండి. 2018 ఏప్రిల్‌లో ఆ ఇంజన్లలో ఒక రకం ఉన్న 787లకు 330 నుంచి 140 నిమిషాలకు కోసేశారు. అది ఎందుకు కోశారన్నది నాకు భలే నచ్చిన విషయం. ఒక ఇంజన్ ఆగిపోయినప్పుడు మిగిలిన ఇంజన్ గంటల తరబడి ఎక్కువ శక్తితో తిరగాలి కదా, సరిగ్గా ఆ వేగంలోనే దాని కంప్రెసర్ బ్లేడ్లు లయ కుదిరి ఊగిపోయి, పగుళ్లిచ్చే ప్రమాదం ఉందని తేలింది. అంటే మామూలు ప్రయాణంలో తక్కువ ఇబ్బంది పెట్టే లోపం, సరిగ్గా డైవర్షన్‌లో, దాన్నే నమ్ముకుని ఉన్న సమయంలో బయటపడుతుందన్నమాట. అది పసిగట్టి, కంపెనీల నష్టం చూడకుండా కోత పెట్టినందుకు నిజంగా చేతులెత్తి దండం పెట్టొచ్చు.

అలాగే మెయింటెనెన్స్ రూల్. ఒకే మెకానిక్ ఒకే పనిని రెండు ఇంజన్ల మీదా చేయకూడదని మీరు పెట్టిన కట్టడి వెనక పెద్ద పాఠమే ఉంది. 1983 మే 5న మయామీ నుంచి బహామాస్‌లోని నస్సావ్‌కు బయల్దేరిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ఎల్-1011 విమానానికి మూడు ఇంజన్లు. ఆయిల్‌లో లోహపు ముక్కలు పట్టే చిన్న భాగాన్ని మూడింటిలోనూ ఆయిల్ కారకుండా ఆపే ఓ-రింగులు లేకుండానే బిగించేశారు. సముద్రం మీద ఆయిల్ కారిపోయి మొదట ఒక ఇంజన్‌ను ఆపారు, తర్వాత మిగిలిన రెండూ ఆగిపోయాయి, చివరి నిమిషాల్లో ముందు ఆపినదాన్నే మళ్లీ తిప్పుకుని 172 మందితో మయామీలో దిగారు. చేతులు ఒకటే అయినప్పుడు ఇంజన్లు మూడైనా నాలుగైనా ఒకటే. నాలుగు ఇంజన్లుంటే గ్యారంటీ అని ఇప్పటికీ వాదించేవాళ్లకు 1982లో జావా దగ్గర అగ్నిపర్వతం బూడిదలో నాలుగు ఇంజన్లూ ఆగిపోయిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747ని గుర్తుచేస్తే సరిపోతుంది.

సరే, ఇంజన్ల కేసులో మీరే గెలిచారు. ఇక అసలు సంగతికి వస్తా.

ఈ "180 నిమిషాలు" అన్న మాటను ప్రయాణికులు, విలేకరులు, చివరికి కొందరు ఎయిర్‌లైన్ మేనేజర్లు కూడా గడియారంలో చూసే మూడు గంటలే అనుకుంటారు. కాదు. ఒక ఇంజన్ మీద వెళ్లే వేగాన్ని, గాలి అసలు వీచడం లేదనుకుని, మూడు గంటలతో గుణించి వచ్చిన దూరం అది. ఆ దూరంతో మ్యాప్ మీద ఒక్కో ఎయిర్‌పోర్టు చుట్టూ వృత్తం గీస్తారు, దారి ఆ వృత్తాల లోపల ఉంటే చాలు. అంత ఎత్తులో గాలి వీచకపోవడం ఎక్కడైనా ఉందా? 2003 మార్చిలో ఆక్లాండ్ నుంచి లాస్ ఏంజిలిస్ వెళ్తున్న యునైటెడ్ 777 ఒక ఇంజన్ ఆపేసి హవాయిలోని కోనాకు మళ్లింది. ఎదురుగాలిలో దాదాపు మూడు గంటల పాటు ఒక్క ఇంజన్ మీదే వెళ్లి క్షేమంగా దిగింది. విమానం గట్టిది, పైలట్లు గట్టివాళ్లు, అంతా బాగానే జరిగింది. అయితే ఈ గాలి సంగతి అసలు తేడా చేసేది ఇంజన్‌కి కాదు, కార్గోలోని మంటలకి.

కార్గో అరలో మంటలంటుకుంటే ముందు ఒక సీసాలోని హాలాన్ గ్యాస్ ఒక్కసారిగా వదులుతారు, అది మంటను అణిచేస్తుంది. తర్వాత రెండో విడత గ్యాస్ కొద్దికొద్దిగా కారుతూ మంటను లేవనీయకుండా నొక్కిపట్టి ఉంచుతుంది. అది మంటను ఆర్పేసిందని అనుకోవడానికి లేదు, అణిచి ఉంచిందంతే. ఆ గ్యాస్ ఎన్ని నిమిషాలు వస్తుందో విమానం తయారైన రోజే నిర్ణయమైపోయి ఉంటుంది. మీ రూల్ ప్రకారం డైవర్షన్ సమయానికి మరో 15 నిమిషాలు కలిపి అది సరిపోవాలి. 180 నిమిషాల వరకు ఈ లెక్క మళ్లీ గాలి లేదనుకునే వేస్తారు. 180 దాటితే మాత్రం ఆ రోజు గాలి, ఆ రోజు ఉష్ణోగ్రత చూసి వేయాలన్నారు, 2007లో ఎఫ్ఏఏ తెచ్చిన రూల్లో ఇది స్పష్టంగానే ఉంది. నా ప్రశ్న చిన్నది. 181 నిమిషాల దగ్గర వీచే గాలి 179 దగ్గర వీచదా? 1985లో కాగితాల మీద గాలి చార్టులు చూసి లెక్క వేసేటప్పుడు ఈ సడలింపుకు ఒక అర్థముంది. ఇప్పుడు మా కంప్యూటర్‌లో ప్రతి ఎత్తులో, ప్రతి పాయింట్ దగ్గర గాలి ఎంతుందో ఉంటుంది, ఇంధనం లెక్క దాంతోనే వేస్తాం, మంటల లెక్క మాత్రం గాలికి వదిలేస్తాం. 180 లోపల కూడా అసలు గాలితోనే లెక్క వేయాలని ఒక్క వాక్యం మార్చండి. ఎవరికీ కొత్త యంత్రం కొనాల్సిన పని లేదు.

ఇక్కడే ఇంకో ముక్క చెప్పాలి, ఇది బయటివాళ్లకు దాదాపు ఎవరికీ తెలీదు. ఈటాప్స్ ప్లాన్‌లో ఈటీపీ అని ఒకటుంటుంది, అటు వెళ్లినా ఇటు వెళ్లినా సమానంగా సమయం పట్టే చోటు. మా స్క్రీన్ మీద సముద్రం నడిమధ్య ఒక చిన్న గుర్తు, దానికి అటూ ఇటూ రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు. విమానం సరిగ్గా ఆ గుర్తు మీద ఉండగా చెడు జరిగిందనుకుని లెక్క వేస్తాం: ఒక ఇంజన్ పోతే, క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పోతే, రెండూ ఒకేసారి పోతే. మూడింటిలో ఏది ఎక్కువ ఇంధనం అడిగితే అది పోయాలి, దానికి తోడు గాలి అంచనా తప్పినా, రెక్కల మీద మంచు పట్టినా, దిగేముందు 15 నిమిషాలు చక్కర్లు కొట్టాల్సి వచ్చినా సరిపోయేంత. కొత్తగా చేరినవాళ్లు ఇంజన్ ఆగడమే గండం అనుకుంటారు. కాదు, ఇంధనం తాగేది గాలి ఒత్తిడి పోవడం. ఊపిరి ఆడాలంటే విమానం 10,000 అడుగుల దగ్గరికి దిగిపోవాలి, ఆ చిక్కటి గాలిలో అదే దూరానికి ఇంధనం విపరీతంగా ఖర్చవుతుంది. ఇంజన్లు రెండూ నిక్షేపంగా తిరుగుతూనే ఉంటాయి. ఇది నాలుగు ఇంజన్ల విమానానికీ అచ్చంగా ఇలాగే జరుగుతుంది, అయినా దశాబ్దాల పాటు 747లకు ఈ రూల్ లేదు, ఎందుకంటే అందరూ ఇంజన్లను లెక్కపెడుతూ కూర్చున్నారు. 2007లో మీరే ఆ సంగతి గుర్తించి 180 నిమిషాలు దాటే మూడు, నాలుగు ఇంజన్ల ప్రయాణికుల విమానాలనూ ఇందులోకి తెచ్చారు. సరుకు మాత్రమే మోసే మూడు, నాలుగు ఇంజన్ల విమానాలను ఎందుకో వదిలేశారు. లోపల ఇద్దరే ఉంటారనా? 2010లో దుబాయ్‌లో యూపీఎస్ 747, 2011లో దక్షిణ కొరియాలోని జెజు దగ్గర సముద్రంలో ఏషియానా 747, రెండూ సరుకు విమానాలే, రెండూ మంటలతోనే పోయాయి, ఒక్కోదాంట్లో ఇద్దరు పైలట్లు. ఇంతకు మించి దీని మీద నేను సాగదీయను.

ఇప్పుడు నేల మీదికి వద్దాం.

డైవర్ట్ అయ్యే ఎయిర్‌పోర్టులో ఫైరింజన్లు ఎంత ఉండాలో మీ రూల్లో ఉంది. ఐకావో కేటగిరీ 4 ఉంటే చాలు, అది కూడా 30 నిమిషాల ముందు చెబితే సిద్ధం కాగలిగితే చాలు. 180 నిమిషాలు దాటే దారుల్లో కేటగిరీ 7 ఉన్న ఎయిర్‌పోర్టు ఒకటి అందుబాటు దూరంలో ఉండాలన్నారు, కానీ అసలు దిగేది కేటగిరీ 4లోనైనా కావచ్చు. కేటగిరీ 4 అంటే ఏంటో ఈ లేఖ చదివే మామూలు జనానికి చెబుతా. 18 నుంచి 24 మీటర్ల పొడవుండే విమానాల కోసం లెక్కగట్టింది అది, అంటే ఏటీఆర్ 42 లాంటి చిన్న ప్రొపెల్లర్ విమానం. ఒక వాహనం, మంటలార్పే బి-రకం నురుగుకు 2,400 లీటర్ల నీళ్లు. 777-300ఈఆర్ పొడవు దాదాపు 74 మీటర్లు, రోజూ తిరిగే ఎయిర్‌పోర్టులో దానికి కావాల్సింది కేటగిరీ 9, మూడు వాహనాలు, 24,300 లీటర్లు. పదింతలు.

మీ సమాధానం నాకు తెలుసు, మీటింగుల్లో చాలాసార్లు విన్నదే. "డైవర్షన్ అనేదే అరుదు, అందులో దిగాక మంటలు అంటుకోవడం ఇంకా అరుదు, ఎక్కువ భాగం ఒక ఇంజన్ ఆపేసి మామూలుగా దిగేవే, వాటికి ఫైరింజన్ పని కూడా ఉండదు." ఇంజన్ ఆపి దిగే విమానం వరకు ఆ మాట కరెక్టే. కానీ కార్గోలో మంటలు అనుకుని డైవర్ట్ అయ్యే విమానం సంగతేంటి? అది మంటను వెంటబెట్టుకునే దిగుతుంది కదా. గాల్లో ఆ మంటను ఎన్ని నిమిషాలు అణిచిపెట్టాలో సెకన్లతో సహా లెక్కగట్టిన మీరే, హాలాన్ అయిపోయే వేళకి దాన్ని 2,400 లీటర్ల ట్యాంకు ముందు నిలబెడుతున్నారు. కార్గో తలుపు తెరిస్తే గాలి తగులుతుంది, అణిగి ఉన్నది లేస్తుంది. ఒకవైపు తలుపుల దగ్గర విచ్చుకునే అత్యవసర స్లైడ్ల మీద జనం జారుతుంటే ఇంకోవైపు మంట, మధ్యలో ఆ ఒక్క వాహనం ఎటు వెళ్లాలి?

దిగడమే గట్టెక్కడం కాదని 1980 ఆగస్టులో రియాద్‌లో ప్రపంచం చూసింది. సౌదియా ఎల్-1011 కార్గో అరలో మంటలతో వెనక్కి తిరిగి చక్కగా రన్‌వే మీద దిగింది, ఆగింది కూడా. వెంటనే జనాన్ని దింపలేదు, బయటివాళ్లు తలుపు తెరిచేసరికి ఆలస్యమైపోయింది, ఒక్కరూ మిగల్లేదు, 301 మంది. అది రాజధాని నగరంలోని పెద్ద ఎయిర్‌పోర్టు. అక్కడే అలా జరిగినప్పుడు, ఏడాది పొడవునా పెద్ద జెట్ మొహం చూడని చోట, స్లైడ్ విచ్చుకున్న వెడల్పాటి విమానం దగ్గరికి ఏ వైపు నుంచి వెళ్లాలో ఎప్పుడూ రిహార్సల్ చేయని సిబ్బంది నుంచి మనం ఏం ఆశిస్తాం? వాళ్లను తప్పుపట్టడం లేదు. వాళ్ల పేరు మా ప్లాన్‌లో ఉందన్న సంగతే వాళ్లలో చాలామందికి తెలియకపోవచ్చు.

ప్రతి మారుమూల ఎయిర్‌పోర్టులోనూ కేటగిరీ 9 పెట్టమని అడిగేంత అమాయకుణ్ని కాదు. అలా అడిగితే దారులే మూతపడతాయి. నేనడిగేది ఇది: కార్గో మంటల ఆల్టర్నేట్‌ని (దారి మళ్లితే దిగడానికి ప్లాన్‌లో పేరు రాసే ఎయిర్‌పోర్టును), ఇంజన్ ఆగితే వాడే ఆల్టర్నేట్‌ని విడివిడిగా చూడండి. ఇంజన్ ఆగినప్పుడు కేటగిరీ 4 సరిపోతుందంటే సరే. మంటల లెక్కకు పేరు రాసే ఎయిర్‌పోర్టు కనీసం కేటగిరీ 7 ఉండాలి, 180 లోపలైనా సరే. ఒక దారిలో అలాంటిది దొరకకపోతే ఆ దారిలో వెళ్లే విమానంలో మంటలంటుకునే ప్రమాదమున్న లిథియం బ్యాటరీల సరుకు ఎక్కించకండి. దారి మూతపడదు, సరుకు ఆదాయం కొంచెం తగ్గుతుందంతే.

సరే, మంటలూ లేవు, గాయాలూ లేవు, విమానం బంగారంలా దిగింది. అప్పుడేంటి?

2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిరిండియా 777 ఒక ఇంజన్‌లో సమస్యతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. ఊళ్లో అంతమందికి హోటళ్లు లేక చాలామందిని ఒక స్కూల్లో, హాస్టళ్లలో సర్దారు, నేల మీద వరసగా పరుపులు వేసి పడుకోబెట్టారు. రష్యా మీద ఆంక్షల కాలం, విమానంలో అమెరికా పౌరులూ ఉన్నారు, దాంతో వాషింగ్టన్‌లో విలేకరులు దాని గురించి ప్రశ్నలు వేసే దాకా వెళ్లింది. భాష రాదు, చాలామందికి కార్డులు పనిచేయవు, ముసలివాళ్లకు మందులు కింద లగేజీలో ఉన్నాయి. మరో విమానం వచ్చి వాళ్లను తీసుకుని బయల్దేరేసరికి జూన్ 8. ఊరివాళ్లు చేతనైనంత చేశారు. నేను అంటున్నది అది కాదు. సాంకేతికంగా చూస్తే ఇది విజయం. మీ రికార్డులో "డైవర్షన్, సురక్షితం" అని ఒక గీత పడుతుంది, అంతే.

అంతకు ముందు 2017 ఫిబ్రవరి 1న స్విస్ 777 ఒకటి జ్యూరిక్ నుంచి లాస్ ఏంజిలిస్ వెళ్తూ ఒక ఇంజన్ ఆగి కెనడా ఉత్తరాన ఇకాలుయిట్‌లో దిగింది. 217 మంది ప్రయాణికులు, ఎముకలు కొరికే చలి. వాళ్ల కోసం ఇంకో విమానం రావాల్సి వచ్చింది, ఈ విమానం కోసం కొత్త ఇంజనే రావాల్సి వచ్చింది, ఆ చలిలో మెకానిక్‌లు చేతులాడించడానికి ఇంజన్ చుట్టూ గుడారం వేశారు. అదే ఏడాది సెప్టెంబరులో ఎయిర్ ఫ్రాన్స్ ఏ380, నాలుగు ఇంజన్లది సుమా, ఒక ఇంజన్ ముందు భాగం ఊడిపోయి కెనడాలోని గూస్ బేలో దిగింది. రన్‌వేకి లోటు లేదు. దాదాపు ఐదు వందల మందిని ఒక్కసారిగా దింపి ఎక్కడో కూర్చోబెట్టే ఏర్పాటు లేక జనం గంటల తరబడి విమానంలోనే ఉండిపోయారు.

2007 రూల్లో మీరు ఒక మంచి మాట రాశారు, ప్రయాణికులను అక్కడి నుంచి తిరిగి తీసుకెళ్లే ప్రణాళిక ఉండాలని. ఒక్కో ఆల్టర్నేట్‌కి విడిగా, తిండి, వసతి, వైద్యం, తరలింపు అన్నీ చూసుకుంటూ. అది చదివి నాకు ముచ్చటేసింది. కానీ అది ఎవరికి వర్తిస్తుంది? 180 నిమిషాలు దాటే దారులకు, ధ్రువ ప్రాంతాల దారులకు. ఉత్తర ధ్రువ ప్రాంతం అంటే 78 డిగ్రీల అక్షాంశానికి పైన. ఇకాలుయిట్ 63 డిగ్రీల్లో, మగదాన్ 59 డిగ్రీల్లో ఉన్నాయి. చలికి మీ 78వ గీత తెలుసా? 180 నిమిషాల లోపలే అలస్కాలోని కోల్డ్ బే ఉంటుంది, వంద మంది కూడా లేని ఊరు, రన్‌వే మాత్రం 10,000 అడుగుల పైన. పసిఫిక్ మధ్యలో మిడ్‌వే ఉంటుంది, అది పక్షుల అభయారణ్యం, 2014 జూలైలో హొనొలులు నుంచి గ్వామ్ వెళ్తున్న యునైటెడ్ 777 అక్కడే దిగింది. రన్‌వే పొడవు చూస్తే రెండూ ఫస్ట్ క్లాసే. మూడు వందల మందికి రాత్రికి దుప్పట్లు ఎక్కడున్నాయని అడిగితే మాత్రం జవాబు చెప్పే బాధ్యత ఎవరి మీదా లేదు.

180 దాటేవాళ్లలో కూడా ఈ ప్రణాళిక చాలా చోట్ల మొక్కుబడి కాగితమే. ఫోల్డర్‌లో ఉంటుంది, ఆడిట్ వస్తే బయటికొస్తుంది. అందులోని ఫోన్ నంబర్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి నేను ఓ రాత్రి డ్యూటీలో ఒక మారుమూల ఎయిర్‌పోర్టుకు ఫోన్ చేశా. ఎత్తినాయన చాలా మర్యాదగా మాట్లాడి, ఆ పేరు గల మేనేజర్ ఎప్పుడో రిటైరైపోయాడని చెప్పాడు. మీ దగ్గర ఎన్ని మంచాలున్నాయి అని అడిగితే, కాసేపు ఆలోచించి, "మీవాళ్లు ఎంతమంది?" అని తిరిగి నన్నే అడిగాడు. చెప్పా. అటునుంచి నవ్వు. ఆ నవ్వులో వెటకారం లేదు, నిజంగానే ఏం చెప్పాలో తోచలేదు ఆయనకి.

కాబట్టి 180 అన్న గీత చెరిపేయండి. ప్రణాళిక ఉండాలా వద్దా అన్నది నిమిషాల్ని బట్టి కాదు, ఆ ఊరిని బట్టి నిర్ణయించండి. విమానంలో ఎంతమంది పడతారో అంతమందికి అక్కడ వెచ్చని కప్పు, నీళ్లు, మరుగుదొడ్డి ఉన్నాయా? లేకపోతే ఆ ఎయిర్‌పోర్టు పేరు ప్లాన్‌లో రాసే ఎయిర్‌లైన్ ఆ లోటు ఎలా పూడుస్తుందో రాసివ్వాలి. ఏడాదికోసారి ఫోన్ చేసి, ఎవరితో మాట్లాడారో రికార్డు పెట్టాలి. రెండు మూడేళ్లకోసారి ఆ దారి వాడే ఎయిర్‌లైన్లన్నీ కలిసి ఒక చోటైనా నిజంగా డ్రిల్ చేయాలి, మెట్లు తెప్పించడం దగ్గర్నుంచి. మెట్లంటే గుర్తొచ్చింది, 777 తలుపు నేల నుంచి దాదాపు ఐదు మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తుకు అందే మెట్లు లేని ఎయిర్‌పోర్టులో మంటలేవీ లేకపోయినా జనం దిగాలంటే స్లైడ్ల మీద జారాల్సిందే, ముసలివాళ్లకు, గర్భిణులకు కాళ్లు విరిగేది అక్కడే. ఏ ఆల్టర్నేట్‌లో ఎంత ఎత్తు మెట్లున్నాయో ఒక పట్టికలో ఉండాలి. ఇంధనం లెక్క పైసా తేడా లేకుండా వేసే మాకు అది చూసుకోవడం పెద్ద పని కాదు.

డబ్బు ఎవరు పెట్టాలన్నది అసలు చిక్కు, దాన్ని దాటేసి మాట్లాడితే ఈ లేఖకు విలువ లేదు. కోల్డ్ బే లాంటి ఊరు తన కోసం పదివేల అడుగుల రన్‌వే మీద మంచు తీయించుకోదు. అది పైన వెళ్లే విమానాల కోసం. ఆ విమానాలు అక్కడ దిగితేనే ల్యాండింగ్ ఫీజు, దిగకపోతే సున్నా. కానీ దిగకుండా వెళ్లిపోయే ప్రతి విమానమూ ఆ రన్‌వే ఉందన్న ధైర్యంతోనే దగ్గరి దారిలో వెళ్తోంది, ఇంధనం మిగుల్చుకుంటోంది. గగనతలం వాడుకున్నందుకు దేశాలు ఎలాగూ రుసుము వసూలు చేస్తున్నాయి. ప్లాన్‌లో పేరు రాసిన ప్రతిసారీ అందులోంచి ఒక చిన్న భాగం ఆ ఎయిర్‌పోర్టుకు వెళ్లేలా చేయండి. ఏ విమానం ఏ ఆల్టర్నేట్ పేరు రాసిందో మా కంప్యూటర్లో ఎలాగూ ఉంటుంది, కొత్తగా లెక్క పెట్టాల్సిందేమీ లేదు. ఆ డబ్బుతో ముందు రెండో ఫైరింజన్, తర్వాత మెట్లు, తర్వాత దుప్పట్లు. అది ఎంత ఉండాలన్నది మీరూ ఎయిర్‌లైన్లూ కూర్చుని తేల్చుకోండి, బేరం ఎలాగూ తప్పదు.

ఇంకొకటి, చిన్నదే. ఇంజన్ల రేట్లను మీరు నెలనెలా చూస్తారు, తయారీదార్లు చూస్తారు, ఎయిర్‌లైన్లు చూస్తాయి. డైవర్షన్ తర్వాత ప్రయాణికులు ఎన్ని గంటలు ఇరుక్కున్నారు, మొదటి భోజనం ఎప్పుడు అందింది, డాక్టర్ ఎప్పుడు వచ్చాడు అన్నది ఎవరూ ఒకచోట రాసిపెట్టడం లేదు. ఇంజన్ విషయంలో రేటు బాగుపడింది రాసిపెట్టబట్టే కదా. ప్రతి ఈటాప్స్ డైవర్షన్‌కీ దిగాక జరిగింది కూడా రిపోర్టులో ఒక పేజీగా చేర్చండి, అందరికీ కనబడేలా పెట్టండి.

వీటిలో ఏది ముందు అంటే, 180 లోపల గాలి లెక్క. దానికి ఎవరి జేబుకూ చిల్లు పడదు, ఒక వాక్యం మార్పు. తర్వాత మంటలకు కేటగిరీ 7. ప్రణాళికల సంగతి, రుసుము సంగతి వచ్చే ఐకావో మహాసభ అజెండాలో పెట్టే దేశం ఒక్కటి దొరికినా చాలు. కాదు, కుదరదు అనే పక్షంలో ఎందుకు కుదరదో ఇలాగే బహిరంగంగా జవాబివ్వండి. ఇంజన్ల లెక్కలు మాత్రం మళ్లీ పంపకండి, అవి నా దగ్గరున్నాయి.

ఇట్లు,
మీ రూల్స్ ప్రకారమే ప్లాన్లు వేసిన ఒక డిస్పాచర్